చందమామ కోసం అర్జీ

1979 జులై 11న అమెరికా అంతరిక్ష ప్రయోగశాల స్కైలాబ్ భూమి మీద పడింది. ఆ వారం తెలుగు పల్లెలు ఎలా గడిపాయో గుర్తున్నవాళ్లు ఇంకా ఉన్నారు. ఎలాగూ పోయేవాళ్లమే కదా అని కోళ్లనూ మేకలనూ కోసుకు తిన్న ఊళ్లున్నాయి. దాచుకున్న నాలుగు డబ్బులూ ఖర్చుపెట్టేసి, మర్నాడు మామూలుగానే తెల్లవారేసరికి బిక్కమొహం వేసినవాళ్లూ ఉన్నారు. నలభై రెండేళ్ల తర్వాత ఆ భయం మీద ‘స్కైలాబ్’ పేరుతోనే ఒక తెలుగు సినిమా వచ్చింది. 77 టన్నుల ఆ ప్రయోగశాల మాత్రం మన మీద పడలేదు. హిందూ మహాసముద్రంలో కొంత, పశ్చిమ ఆస్ట్రేలియాలో కొంత ముక్కలై రాలింది. అక్కడి ఎస్పెరాన్స్ అనే చిన్న ఊరి పాలకవర్గం, మా నేల మీద చెత్త పోశారంటూ నాసాకు 400 డాలర్ల జరిమానా రాసింది.

ఆకాశం నెత్తిన పడుతుందేమోనని ఇక్కడ జనం హడలిపోయిన ఆ ఏడాదే, అమెరికాలోని అరిజోనా రాష్ట్రం, టూసాన్ నగరంలో కొద్దిమందికి ఇంకో బెంగ పట్టుకుంది. ఆకాశానికి ఎవరో తాళం వేసేస్తున్నారని వాళ్ల బెంగ. దానికి వాళ్లు చేసిన పని పెద్ద విడ్డూరమేమీ కాదు. తాము ఓటేసి గెలిపించిన మనిషి దగ్గరికి వెళ్లి మొరపెట్టుకున్నారు. మన దగ్గర పొద్దున్నే ఎమ్మెల్యే ఇంటి ముందు చేరే జనం చేతుల్లో పింఛను కాగితమో, బదిలీ అర్జీనో, బోరు కోసం ఊరంతా సంతకాలు పెట్టిన మహజరో ఉంటుంది. టూసాన్ వాళ్ల అర్జీ చంద్రుడి గురించి. అంతే తేడా.

ఆ సంఘం పేరు ఎల్5 సొసైటీ. ప్రిన్స్‌టన్ విశ్వవిద్యాలయంలో ఫిజిక్స్ ప్రొఫెసర్ జెరార్డ్ ఓనీల్ 1974లో ‘ఫిజిక్స్ టుడే’ పత్రికలో రాసిన వ్యాసం దానికి మూలం. మనుషులు నివసించడానికి గ్రహాలే అక్కర్లేదు, చంద్రుడి మీది మట్టీ లోహమూ వాడి అంతరిక్షంలోనే గిర్రున తిరిగే పెద్ద పెద్ద గొట్టాల్లాంటి ఊళ్లు కట్టుకోవచ్చని ఆయన లెక్కలతో సహా చూపించాడు. భూమి, చంద్రుడు రెండు మూలలుగా ఒక సమబాహు త్రిభుజం గీస్తే మూడో మూల పడే చోట వస్తువు చెదిరిపోకుండా నిలుస్తుంది. అలాంటి చోట్లలో ఒకటి ఎల్5. ఓనీల్ ఊళ్లకు అదే స్థలం. 1975లో కరోలిన్ మైనెల్, కీత్ హెన్సన్ అనే దంపతులు సంఘం పెట్టారు. చివరికి అందరం ఎల్5 దగ్గరే సభ పెట్టుకుని అక్కడే సంఘాన్ని రద్దు చేసుకుందామన్నది వాళ్లు ప్రకటించుకున్న లక్ష్యం. నవ్వొచ్చే మాటే. కానీ ఆ ఏడాది సెప్టెంబరులో వెలువడిన వాళ్ల మొదటి వార్తాపత్రికలోనే అరిజోనా కాంగ్రెస్ సభ్యుడు మోరిస్ యూడాల్ ఉత్తరం అచ్చయింది. అప్పటికాయన అధ్యక్ష పదవికి పోటీ పడుతున్న నాయకుడు. పిచ్చి కల పట్టుకుని తిరుగుతున్నవాళ్లకు రాజకీయ నాయకుడి ఉత్తరం ఎంత విలువైనదో వాళ్లకు మొదటి రోజే తెలుసన్నమాట.

అసలు పరీక్ష నాలుగేళ్లకు వచ్చింది.

1979 డిసెంబరు 5న ఐక్యరాజ్యసమితి సర్వసభ్య సభ చంద్ర ఒప్పందాన్ని ఆమోదించింది. అంతరిక్షాన్ని ఏ దేశమూ సొంతం చేసుకోకూడదని 1967 నాటి ఒప్పందం అప్పటికే చెప్పింది. కొత్తది ఇంకో అడుగు ముందుకేసి, చంద్రుడూ అక్కడి వనరులూ మానవజాతి ఉమ్మడి వారసత్వం అంది. వాటిని తవ్వుకునే రోజు దగ్గరపడితే, ఆ తవ్వకాన్ని నడపడానికి దేశాలన్నీ కలిసి ఒక వ్యవస్థ పెట్టుకోవాలంది. వెనకబడిన దేశాల వైపు నుంచి చూస్తే ఇందులో తప్పు పట్టాల్సిందేమీ లేదు. భూమి మీద గనులన్నీ బలవంతుడు ఎలా ఎత్తుకుపోయాడో చూసినవాళ్లు, చంద్రుడి మీదైనా పంపకం సరిగా ఉండాలని అడగడం న్యాయమే. టూసాన్ వాళ్లకు మాత్రం అది ఉమ్మడి ఆస్తిలా కాక, ఎవరూ ఏదీ కట్టలేని కోర్టు తగాదా స్థలంలా కనిపించింది. అనుమతి ఎవరిస్తారో, రేపు ఏం లాక్కుంటారో తెలియని చోట పెట్టుబడి ఎవడు పెడతాడన్నది వాళ్ల ప్రశ్న.

ఈ తగువుకు నమూనా అప్పటికే సముద్రం అడుగున ఉంది. సముద్రగర్భ ఖనిజాల మీద దేశాల మధ్య ఏళ్ల తరబడి చర్చలు నడుస్తున్నాయి. ఆ చర్చల్లో అమెరికా తరఫున పనిచేసిన లీ రాటినర్ అనే వాషింగ్టన్ న్యాయవాదిని ఎల్5 సంఘం పనిలో పెట్టుకుంది. రాకెట్ల గురించి గంటలు గంటలు మాట్లాడగలిగిన సభ్యులకు సెనేటర్ ఆఫీసులో అయిదు నిమిషాలు ఎలా మాట్లాడాలో తెలియదు. రాటినర్ దగ్గర అది నేర్చుకున్నారు. ఎవరి రాష్ట్రం సెనేటర్‌కు వాళ్లు ఉత్తరాలు రాశారు, ఫోన్లు చేశారు, ఆఫీసుల చుట్టూ తిరిగారు. సంఘం బలమంతా కలిపి కొన్ని వేలమంది సభ్యులే. అయినా ఎవరిని పట్టుకుంటే పనవుతుందో తెలిసింది. సెనేట్ విదేశీ వ్యవహారాల కమిటీ అధ్యక్షుడు, డెమోక్రాట్ ఫ్రాంక్ చర్చ్; అదే కమిటీలో రిపబ్లికన్ల పెద్ద జేకబ్ జావిట్స్. ఈ ఇద్దరూ కలిసి విదేశాంగ మంత్రి సైరస్ వాన్స్‌కు అభ్యంతరం తెలుపుతూ లేఖ రాశారు. ఒప్పందం సెనేట్‌కు వస్తే గట్టెక్కదని అధ్యక్షుడు కార్టర్ ప్రభుత్వానికి అర్థమైపోయింది. 1980 జులైలో సెనేట్ ఉపసంఘం విచారణ జరిపింది. అమెరికా సంతకం పెట్టలేదు, ఈనాటికీ పెట్టలేదు.

ఆ ఇద్దరు సెనేటర్లూ ఆ ఏడాదే ఎన్నికల్లో పదవులు పోగొట్టుకున్నారు. కారణం చంద్రుడు కాదు లెండి.

ఈ విజయం మొత్తాన్నీ ఎల్5 ఖాతాలో రాస్తే అతిశయోక్తి అవుతుంది. యునైటెడ్ టెక్నాలజీస్ వంటి పెద్ద కంపెనీ కూడా ఎదురుతిరిగింది. సముద్రగర్భ చర్చలతో విసిగిన అధికారులూ ఒప్పందం మీద ఆసక్తి చూపలేదు. కానీ తలుపు మొదట తట్టింది ఈ చిన్న సంఘం. ఒప్పందం 1984 జులై 11న అమల్లోకి వచ్చింది. స్కైలాబ్ పడిన తేదీనే, అయిదేళ్ల తర్వాత. అందులో పూర్తిగా చేరిన దేశాలు ఇప్పటికీ ఇరవై దాటలేదు. భారతదేశం 1982 జనవరిలో సంతకం చేసింది గానీ ఆమోదముద్ర ఎప్పుడూ వేయలేదు. 2023 జూన్‌లో అమెరికా నడిపే ఆర్టెమిస్ ఒప్పందాల్లో చేరింది. ఆ ఒప్పందాల ప్రకారం వనరులు తవ్వుకున్నంత మాత్రాన ఆ నేలను సొంతం చేసుకున్నట్టు కాదు.

ఈ కథలో ప్రతినాయకుడి వేషం చాలాకాలం ఒకే మనిషికి దక్కింది: విస్కాన్సిన్ సెనేటర్ విలియం ప్రాక్స్‌మైర్. ప్రభుత్వ సొమ్ము వృథా అవుతోందని తోచిన ప్రతి ఖర్చుకూ నెలనెలా ‘గోల్డెన్ ఫ్లీస్’ అనే వెక్కిరింత బహుమతి ఇచ్చేవాడు. ఓనీల్ ఊళ్ల మీద 1977లో టీవీ కార్యక్రమం వస్తే, ఈ పిచ్చి ఊహకు ఒక్క పైసా ఇవ్వనని బహిరంగంగానే తెగేసి చెప్పాడు. వేరే లోకాల్లో తెలివైన జీవులు పంపే రేడియో సంకేతాల కోసం నాసా వెతుకులాటకు, అదే సెటికి, 1978లో బహుమతి ఇచ్చాడు. 1981లో సవరణ తెచ్చి దాని నిధులు పూర్తిగా ఆపించాడు. ఆయన్ని ఊరికే చవకబారు మనిషనుకోవడం పొరపాటు. పిసినారితనం ఆయనకు సిద్ధాంతం. ఎన్నికల్లో ఆయన ప్రచార ఖర్చు 200 డాలర్లు దాటని సందర్భాలున్నాయి. జాతి సంహార నిషేధ ఒప్పందాన్ని సెనేట్ ఆమోదించేదాకా 19 ఏళ్లపాటు సభ జరిగిన ప్రతిరోజూ దాని మీద ప్రసంగించిన మొండివాడు.

ఆ మొండివాణ్ని కలవడానికి కార్ల్ సాగన్ వెళ్లాడు. టీవీలో ‘కాస్మోస్’తో అప్పటికే ఇంటింటా తెలిసిన ఖగోళ శాస్త్రవేత్త, 1980లో బ్రూస్ మరే, లూయీ ఫ్రీడ్‌మన్‌లతో కలిసి ప్లానెటరీ సొసైటీని స్థాపించినవాడు. ఆయన సెనేటర్ ముందు టెలిస్కోపుల గొప్పలు చెప్పలేదు. ఒక నాగరికత అణ్వస్త్రాల దాకా ఎదిగాక ఎన్నాళ్లు బతుకుతుందన్న లెక్క ఎత్తుకున్నాడు. ఎక్కడి నుంచో ఒక్క సంకేతం అందినా, ఆ గండం దాటి బతికినవాళ్లు ఉన్నారని రుజువవుతుంది కదా అన్నాడు. మానవజాతి తనను తాను చంపుకుంటుందేమోనన్న భయం ప్రాక్స్‌మైర్‌కు నిజంగానే ఉంది. ఇక అడ్డుపడనన్నాడు, మాట నిలబెట్టుకున్నాడు. తర్వాతి ఏడాది నిధులు తిరిగొచ్చాయి.

ఈ వృత్తాంతంలో గమనించాల్సింది సాగన్ వాక్చాతుర్యం కాదు, ఆయన చేసిన హోంవర్కు. ఎదుటి మనిషికి రాత్రి నిద్ర పట్టనివ్వని విషయమేదో కనిపెట్టి అక్కణ్నుంచి మొదలుపెట్టాడు. అయినా చట్టసభలో గెలుపు కౌలు భూమి లాంటిది, ఏటేటా మళ్లీ మాట్లాడుకోవాలి. 1992 అక్టోబరులో నాసా అసలు వెతుకులాట మొదలుపెట్టిన ఏడాదికే, నెవడా సెనేటర్ రిచర్డ్ బ్రయన్ నిధులు రద్దు చేయించాడు. ఈసారి ప్రభుత్వ సొమ్ము తిరిగి రాలేదు.

1987లో ఎల్5 సంఘం, రాకెట్ శాస్త్రవేత్త వెర్నర్ ఫాన్ బ్రాన్ స్థాపించిన నేషనల్ స్పేస్ ఇన్‌స్టిట్యూట్‌తో కలిసిపోయి నేషనల్ స్పేస్ సొసైటీ అయింది. కుర్రకారు ఉత్సాహమూ కోటూటైల పరిచయాలూ ఒకే ఇంట్లో చేరాయి. 1976లో నాసా మొదటి స్పేస్ షటిల్‌కు ‘కాన్‌స్టిట్యూషన్’ అని పేరు పెట్టబోతుంటే, ‘స్టార్ ట్రెక్’ టీవీ సీరియల్ అభిమానులు ఉత్తరాల వరద పారించి ‘ఎంటర్‌ప్రైజ్’గా మార్పించుకున్నారు. ఆ రోజుల నుంచి అంతరిక్ష అభిమానులు చాలా దూరం వచ్చారు. పేరు మార్పించడం వేరు, చట్టంలో వాక్యం మార్పించడం వేరు.

1995 నుంచి ఈ పనికి ఒక వార్షిక తంతు ఏర్పడింది. పేరు ‘మార్చ్ స్టార్మ్’. చార్లెస్ మిల్లర్ నాయకత్వంలోని ప్రోస్పేస్ అనే పౌర సంఘం దాన్ని ఏటేటా నడిపింది. మార్చి నెలలో దేశం నలుమూలల నుంచీ సాఫ్ట్‌వేర్ ఇంజనీర్లు, బడి పంతుళ్లు, విద్యార్థులు, రిటైరైనవాళ్లు సొంత ఖర్చుతో, సెలవు పెట్టుకుని వాషింగ్టన్ చేరతారు. ముందు ఒకరోజు శిక్షణ. ఆ తర్వాత ఇద్దరు ముగ్గురు చొప్పున జట్లుగా విడిపోయి కాంగ్రెస్ భవనాల్లో నడక. 435 మంది ప్రతినిధులు, 100 మంది సెనేటర్లు. ఆరు పెద్ద ఆఫీసు భవనాలు, ఒకదాన్నుంచి ఇంకోదానికి నేలకింద దారులు. మొదటిసారి వచ్చినవాళ్లు కొత్త బూట్లు వేసుకుని వస్తారు, మర్నాటికి బుద్ధి తెచ్చుకుంటారు.

లోపల కలిసేది చాలాసార్లు నాయకుణ్ని కాదు. పాతికేళ్ల సహాయకుడో సహాయకురాలో వస్తారు. వాళ్ల బల్ల మీద వ్యవసాయం, రైల్వేలు, మాజీ సైనికుల పింఛన్లు, వాటి మధ్యలో అంతరిక్షం. ఇచ్చేది పావుగంట, బాగా ఇస్తే అరగంట. గది దొరక్కపోతే వరండాలో నిలబడే. అందుకే పాత కాపులు కొత్తవాళ్లకు చెప్పే మాటలు చాలా మామూలువి: అడిగేది ఒకటో రెండో ఉండాలి, బిల్లు నంబరు నోటికి రావాలి, ఒక్క పేజీ కాగితం ఇచ్చి రావాలి, తెలియనిది అడిగితే తెలుసుకుని చెబుతాననాలి, జట్టులో ఆ నియోజకవర్గం ఓటరు ఒక్కరైనా ఉండాలి. చివరిదే అన్నిటికన్నా ముఖ్యం. పిన్‌కోడు చెప్పగానే సహాయకుడి కళ్లలో వెలుగు వస్తుంది. అంగారకుడి పేరుకు రాని వెలుగు అది.

ఈ కాళ్లరిగే తిరుగుడుతో ఏం సాధించారు? కొన్ని నిజంగా నవ్వు తెప్పించేవి. 1984 నాటి చట్టం ప్రకారం ప్రైవేటు రాకెట్ పైకి వెళ్లడానికి ప్రభుత్వం లైసెన్సు ఇవ్వగలదు, అదే వాహనం తిరిగి భూమికి దిగడానికి లైసెన్సిచ్చే అధికారం ఎవరికీ లేదు. పంపడానికి దారి ఉంది, రావడానికి లేదు. 1998లో వచ్చిన వాణిజ్య అంతరిక్ష చట్టం ఆ వాకిలి తెరిచింది. అంతకు ముందు 1990లో, నాసా వీలైనంతవరకు సొంత రాకెట్ల బదులు ప్రైవేటు కంపెనీల ప్రయోగ సేవలు కొనాలన్న చట్టం కోసం కాలిఫోర్నియా, అరిజోనాల్లోని ఔత్సాహికులు పట్టుబట్టి పనిచేశారు. అడిగి సాధించుకోలేనివీ ఉన్నాయి. అంతరిక్షంలో సంపాదించిన ఆదాయానికి పన్ను వద్దనే ‘జీరో గ్రావిటీ, జీరో ట్యాక్స్’ బిల్లు పేరు బాగుంది గానీ చట్టం కాలేదు.

డబ్బు పెద్దదైన చోట ఈ పౌరుల మాట ఎంత చెల్లుతుందో 1993 జూన్ చూపించింది. అమెరికా కట్టదలచిన అంతరిక్ష కేంద్రాన్ని రద్దు చేయాలని ఇండియానా ప్రతినిధి టిమ్ రోమర్ తెచ్చిన సవరణ జూన్ 23న 215–216తో వీగిపోయింది. ఒక్క ఓటు! మర్నాడు అదే సభ, టెక్సాస్‌లో సొరంగం తవ్వి కడుతున్న సూపర్‌కొలైడర్ అనే భౌతికశాస్త్ర మహా యంత్రాన్ని 280–150తో మూసేయమంది. అప్పటికే దానికి సుమారు 200 కోట్ల డాలర్లు పోశారు. అక్టోబరుకల్లా అది రద్దయింది. రెండూ విజ్ఞానమే, రెండూ ఖరీదైనవే. అంతరిక్ష కేంద్రం కాంట్రాక్టులు అనేక రాష్ట్రాల్లో ఉన్నాయి, సొరంగం ఒక్క రాష్ట్రంలో ఉంది. ఆ ఒక్క ఓటును తామే నిలబెట్టామని ఏ సంఘమైనా చెప్పుకోవచ్చు, కాదనడానికి వీల్లేదు. కానీ ఆ పూట సభలో అన్నిటికన్నా గట్టిగా మాట్లాడింది ఫ్యాక్టరీల పటం.

ప్లూటో కథలో మాత్రం రెండూ కలిసొచ్చాయి. 2000 సెప్టెంబరులో నాసా ప్లూటో యాత్ర పనిని ఆపేసింది. ప్లానెటరీ సొసైటీ పిలుపుకు పదివేలకు పైగా ఉత్తరాలు వచ్చాయి. మరుసటి ఏడాది ప్రభుత్వం బడ్జెట్‌లో మళ్లీ దాని పేరు లేదు. అప్పుడు మేరీలాండ్ సెనేటర్ బార్బరా మికుల్‌స్కీ నిధుల బిల్లులో డబ్బు పెట్టించారు. అంతరిక్ష నౌకను కట్టబోయే ప్రయోగశాల మేరీలాండ్‌లోనే ఉంది. ప్రేమ ఉత్తరాలదీ, లెక్క సెనేటర్‌దీ. 2006 జనవరిలో బయల్దేరిన న్యూ హొరైజన్స్ 2015 జులై 14న ప్లూటో పక్కగా వెళ్లి, గుండె ఆకారంలో తెల్లటి మచ్చ ఉన్న ఫొటో పంపింది.

ఇంతమంది తిరిగిన ఈ బాటలోకి ఒక తెలుగమ్మాయి కూడా వచ్చింది. గుంటూరు ప్రాంతంలో పుట్టి హ్యూస్టన్‌లో పెరిగిన బండ్ల శిరీష పర్డ్యూలో ఏరోనాటికల్ ఇంజనీరింగ్ చదివింది. ఆమె ఉద్యోగం మాత్రం ఎక్కువకాలం వాషింగ్టన్ చుట్టూ నడిచింది. ముందు ప్రైవేటు అంతరిక్ష కంపెనీల సమాఖ్యలో, 2015 నుంచి వర్జిన్ గెలాక్టిక్‌లో ప్రభుత్వ వ్యవహారాల విభాగంలో. అంటే చట్టసభల వాళ్లకూ కంపెనీకీ మధ్య మాటలు నడిపే పని. సొంత టికెట్టు కొనుక్కుని వచ్చే మార్చ్ స్టార్మ్ పంతులుకూ, జీతం తీసుకుని వచ్చే కంపెనీ మనిషికీ తేడా ఉంది. ఆ తేడాను మరుగుపరచకూడదు. ఎక్కే మెట్లు మాత్రం అవే.

ప్రైవేటు వాహనంలో మనుషుల్ని పంపే నిబంధనలు 2004 డిసెంబరు 23న అధ్యక్షుడు బుష్ సంతకం చేసిన చట్టంలో ఉన్నాయి. ప్రమాదం ఎంతుందో ప్రయాణికుడికి ముందే రాతపూర్వకంగా చెప్పాలి, అతను తెలిసి ఒప్పుకోవాలి. ప్రయాణికుల భద్రత మీద కఠిన నియమాలు మాత్రం కొన్నేళ్లు ఆగుతాయి. మిన్నెసోటా ప్రతినిధి జేమ్స్ ఒబెర్‌స్టార్ దీన్ని గట్టిగా వ్యతిరేకించాడు. జనం చచ్చాక నియమాలు రాద్దామనే బుద్ధి ఇది అని ఆయన కోపం. 2014లో వర్జిన్ వాహనమే మొహావీ ఎడారి మీద పరీక్షలో ముక్కలై ఒక పైలట్ మరణించాడు. ఎనిమిదేళ్లని పెట్టిన వెసులుబాటు గడువు పెరుగుతూ పెరుగుతూ 2028 దాకా వచ్చింది. ఒబెర్‌స్టార్ ప్రశ్నకు ఇంకా జవాబు రాలేదు. ఆ చట్టం నీడలోనే 2021 జులై 11న, మళ్లీ అదే స్కైలాబ్ తేదీన, శిరీష మరో అయిదుగురితో కలిసి 86 కిలోమీటర్ల ఎత్తుకు వెళ్లి, ఫ్లోరిడా విశ్వవిద్యాలయం ఇచ్చిన మొక్కల ప్రయోగం చేసి, దిగివచ్చింది. తెనాలిలో తాతగారింటి దగ్గర టీవీ కెమెరాలు నిండిపోయాయి.

మన దగ్గర అంతరిక్షం కోసం ఈ తిరుగుడు అలవాటు లేదు. 1971 అక్టోబరులో శ్రీహరికోట నుంచి మొదటి రోహిణి రాకెట్ లేచే నాటికి నిర్ణయాలన్నీ ప్రధానికీ శాస్త్రవేత్తలకూ మధ్యే జరిగేవి. 1972లో ఏర్పడిన అంతరిక్ష శాఖ ఇప్పటికీ నేరుగా ప్రధాని చేతికిందే ఉంది. పార్లమెంటులో ప్రశ్నలు పడతాయి, జవాబులు వస్తాయి, అంతటితో సరి. ఆ పద్ధతి చవకగా, నిలకడగా పనిచేసిందనడంలో అనుమానం లేదు. కానీ 2022 నవంబరులో హైదరాబాద్ కంపెనీ స్కైరూట్ విక్రమ్–ఎస్‌ను ఎగరేశాక, రాకెట్ ప్రభుత్వానిదే అనే రోజులు పోయాయి. పేలితే నష్టం ఎవరు కట్టాలి, లైసెన్సు ఎవరివ్వాలి అన్నవి ఇప్పుడు చట్టం తేల్చాల్సిన ప్రశ్నలు. అంతరిక్ష కార్యకలాపాల బిల్లు ముసాయిదాను కేంద్రం 2017లోనే బయటపెట్టి ప్రజల అభిప్రాయం అడిగింది. 2023లో విధానపత్రం వచ్చింది, చట్టం రాలేదు. అది ఎక్కడ ఆగిందని శ్రీహరికోట పక్కనున్న సూళ్లూరుపేట ఓటరో హైదరాబాద్ ఓటరో తన ఎంపీని అడగడానికి వాషింగ్టన్ దాకా టికెట్టు అక్కర్లేదు. సమావేశాలు లేనప్పుడు వాళ్లు ఊళ్లోనే ఉంటారు, పొద్దున ఎనిమిదింటికల్లా వెళితే దొరుకుతారు.